కప్పగారి నిరాహారదీక్ష

“కప్ప అన్నం తినడం లేదమ్మా!”

నిరుడు మే నెలలో ఒక మధ్యాహ్నం, పరీక్షపత్రాల కట్ట ముందేసుకుని కూర్చున్న నాకు మా అమ్మాయి మోసుకొచ్చిన వార్త ఇది. మార్కాపురంలో మే నెల మధ్యాహ్నమంటే ఎలాంటిదో తెలిసినవారికి చెప్పనక్కరలేదు; తెలియనివారికి చెప్పినా నమ్మరు. వీధికుక్క కూడా నీడ విడిచి కదలని వేళ అది. మనుషులకే అన్నం సయించని ఆ ఎండల్లో కప్ప తినకపోతే అదొక వింతా అనుకుని, “దానికీ వేడి చేసిందేమోలేవే” అనేసి మళ్ళీ పత్రాల్లో తల దూర్చాను. ఆ మాట అక్షరాలా నిజమని తెలుసుకోవడానికి నాకు వారం రోజులు పట్టింది.

ముందు ఈ కప్ప సంగతి చెప్పాలి. దాని పేరు ముత్యం. రెండేళ్ళ క్రితం మా అమ్మాయి పుట్టినరోజుకు ఒంగోలులో ఒక రంగుచేపల దుకాణంలో కొన్నాం. నిజానికి చేపపిల్లల కోసమే వెళ్ళాం. ఒక మూల తొట్టిలో తెల్లగా, ఎర్రని కళ్ళతో, చేతులు రెండూ చాచి, ధ్యానంలో ఉన్న యోగిలాగా నీళ్ళ మధ్య తేలుతున్న ఈ ప్రాణిని చూసి మా పిల్ల అక్కణ్ణించి కదలనంది. “దీనికి పెద్ద సేవేమీ అక్కర్లేదమ్మా. చేపలకు వేసినట్టే రోజూ ఇంత మేత పడేస్తే చాలు” అన్నాడు దుకాణంలో అబ్బాయి. అతడు అబద్ధం చెప్పాడనను. అతడికి తెలిసింది అంతే. మాకు ఆపాటి కూడా తెలియదు.

తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు కప్పతో ఉన్న పరిచయమల్లా నిఘంటువులోదే. నూతిలో కప్ప, కప్పల తక్కెడ, మండూకప్లుతి వంటి మాటలు నాకు అన్నం పెడుతున్నవే గదా! ఋగ్వేదం ఏడో మండలంలో కప్పల మీదనే ఒక సూక్తం ఉందని క్లాసులో చెబుతూంటాను. తాళానికి “తాళంకప్ప” అన్న పేరెందుకొచ్చిందని ఎవరైనా విద్యార్థి అడిగితే, “నోరు మూసుకుందంటే ఓ పట్టాన తెరవదు గనక” అని నవ్వించేదాన్ని. ఆ హాస్యం చివరికి నా ఇంటికే వచ్చి కూర్చుంది.

ఈ కప్ప ఆ కప్ప కాదు

వానాకాలంలో మన గుంటల్లో బెకబెకమనే కప్పకూ దీనికీ పేరులో తప్ప పోలిక తక్కువ. దీని పుట్టిల్లు ఆఫ్రికా ఖండపు దక్షిణభాగం. దీన్ని గోళ్ళకప్ప అనవచ్చు. వెనకకాళ్ళకు మూడేసి వేళ్ళ చివర గోళ్ళుంటాయి. మన కప్ప గట్టెక్కి కూర్చుంటుంది. ఇది దాదాపు జీవితమంతా నీళ్ళలోనే గడుపుతుంది. దీనికి నాలుక లేదు. ముందుచేతుల వేళ్ళతో ఆహారాన్ని ఒడిసి పట్టుకుని, చంటిపిల్ల జంతిక తిన్నట్టు నోట్లోకి కుక్కుకుంటుంది. ఒంటికి రెండు వైపులా దారంతో కుట్టినట్టు చిన్న చిన్న గీతలుంటాయి. నీళ్ళు ఏమాత్రం కదిలినా వాటితోనే పసికడుతుంది. ఊపిరితిత్తులున్నాయి గనక అప్పుడప్పుడు పైకొచ్చి గుక్కెడు గాలి మింగి, మళ్ళీ అడుగుకు దిగిపోతుంది.

ఈ మూగజీవికి ఆడవాళ్ళం ఒక విధంగా రుణపడి ఉన్నాం. 1930 ప్రాంతంలో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో లాన్స్‌లాట్ హోగ్‌బెన్ అనే శాస్త్రజ్ఞుడు పనిచేస్తూండగా, ఈ కప్ప గుడ్లు పెట్టడానికీ, కొన్ని గ్రంథుల స్రావాలకూ సంబంధం ఉన్నట్టు గమనించాడు. దాన్నిబట్టి ఒక పరీక్ష పుట్టింది. స్త్రీ మూత్రాన్ని ఆడకప్పకు సూదిమందుగా ఎక్కిస్తే, ఆమె గర్భవతి అయిన పక్షంలో ఒక రోజు తిరక్కుండానే కప్ప గుడ్లు పెట్టేది. 1960ల దాకా ఎన్నో దేశాల ఆసుపత్రుల్లో “నీవు తల్లివి కాబోతున్నావు” అన్న శుభవార్తను ముందుగా చెప్పింది ఈ కప్పే. తర్వాత కొత్త రకం పరీక్షలు వచ్చి దాన్ని ఆ ఉద్యోగంలోనుంచి విముక్తి చేశాయి. ఇంగ్లండులో జాన్ గర్డన్ అనే ఆయన, తోకకప్ప పేగులోని కణం నుంచి తీసిన కేంద్రకాన్ని గుడ్డులో పెట్టి మళ్ళీ కప్పను సృష్టించవచ్చునని 1962లో ప్రకటించాడు. ఆ పనికే ఆయనకు 2012లో నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది. ఆయన వాడినదీ ఈ జాతి కప్పనే.

ఇంత ఘనచరిత్ర ఉన్న కులంలో పుట్టిన ముత్యం మా ఇంట్లో అన్నం ముట్టడం మానేసింది.

ఇంటి వైద్యాలు

మొదటి రెండు రోజులూ మేం పట్టించుకోలేదు. మూడో రోజున మా పిల్ల మేత రెండింతలు వేసింది. వేసిన గుళికలు తొట్టి అడుగున నాని, ఉబ్బి, నీళ్ళు మజ్జిగతేటలా తయారయ్యాయి. నాలుగో రోజున మావారు మేత మార్చి చూశారు. అయిదో రోజున, నీళ్ళు చెడిపోయాయి గదా అని నేనే నడుం బిగించి తొట్టి మొత్తం ఖాళీచేసి, గులకరాళ్ళూ ఫిల్టరు స్పాంజీ కొళాయి కింద పెట్టి తళతళలాడేట్టు కడిగి, కొత్తనీళ్ళు నింపాను. గొప్ప పని చేశానని కూడా అనుకున్నాను. మర్నాటికి ముత్యం మరింత డీలాపడింది. మనిషి దగ్గరికి పోతే గతంలో గాజుకు మూతి ఆనించి ఎదురొచ్చేది. ఇప్పుడు ఒక మూల ఒదిగి కదలడం మానేసింది.

మా ఇంట్లో అమ్మ ఉంటుంది. గిద్దలూరు దగ్గరి పల్లెటూళ్ళో పుట్టి పెరిగిన మనిషి. ఆమె దీన్నంతా మంచంమీద నుంచే చూస్తూ, “ఏందే మీ హడావుడి? ఎండాకాలం కప్పలు భూమిలోకి పోయి పండుకుంటాయి గదా, అప్పుడేం తింటాయి? వాన పడితే అదే లేస్తుంది” అంది. ఆ మాటలో నిజం లేకపోలేదు. మన పెద్దకప్పలు వేసవిలో మట్టిలో దాక్కుని తొలకరికి బయటపడతాయి. ఈ ఆఫ్రికా కప్ప కూడా తన దేశంలో గుంటలు ఎండితే బురదలో దూరి నెలల తరబడి తిండి లేకుండా ఉండగలదు. ఆ ధైర్యంతో ఒకరోజు ఊరుకున్నాం. ఇంకెవరో ఇరుగింటావిడ చిటికెడు పసుపు నీళ్ళలో కలపమంది. మనుషులకు కడుపు బాగాలేనప్పుడు వాడే మాత్ర ఒకటి నూరి కలపమని ఇంకొకరు సలహా ఇచ్చారు. ఆ రెండూ చెయ్యకపోవడమే మేం ఆ వారంలో చేసిన ఏకైక మంచిపని.

జబ్బు ఎవరికి?

ఎనిమిదో రోజున మా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే సహోద్యోగిని ఇంటికి పిలిచాను. ఆవిడ చదువుకునే రోజుల్లో కప్పను బల్లమీద కోసి నేర్చుకున్న తరానిది. 2011లో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం ఈ కోతలు తగ్గించుకుంటూ రమ్మని మార్గదర్శకాలు ఇచ్చింది. “ఎన్ని కప్పల్ని కోశానో లెక్కలేదు. ఒకదాన్ని బతికించమని ఇంతవరకూ ఎవరూ పిలవలేదండీ” అంటూ వచ్చిందావిడ.

వచ్చి కప్ప వంక చూడనే లేదు. సంచిలోనుంచి ఉష్ణమాపకం తీసి నీళ్ళలో ముంచింది. సాయంత్రం నాలుగు గంటలకు 31 డిగ్రీలు! ఈ జాతి కప్పకు 18 నుంచి 22 డిగ్రీల నీళ్ళు హాయిగా ఉంటాయట. పాతిక దాటితే ఇబ్బంది మొదలవుతుంది. మా తొట్టి పడమటి కిటికీ పక్కనే ఉంది.

“మరి మట్టిలో నెలల తరబడి ఉపవాసం ఉంటుంది గదా?” అన్నాను అమ్మ మాట అందుకుని.

“చల్లటి బురదలో ఉపవాసం వేరు, వేడినీళ్ళలో ఉపవాసం వేరు” అంది ఆవిడ. కప్పకు మనలాగా స్థిరమైన ఒంటివేడి లేదు. చుట్టూ ఉన్న నీళ్ళ వేడే దాని వేడి. నీళ్ళు చల్లగా ఉంటే ఒంట్లో పొయ్యి సన్నగా మండుతుంది, ఖర్చు తక్కువ. నీళ్ళు కాగితే పొయ్యి భగ్గుమంటుంది. దాచుకున్న కొవ్వంతా కరిగిపోతుంది. పైగా వేడినీళ్ళలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. ఖర్చు పెరిగి, రాబడి తగ్గి, ఆకలి చచ్చిన సంసారం అన్నమాట.

రెండో ప్రశ్న: “తొట్టి ఎలా కడుగుతున్నారు?” నేను గర్వంగా చెప్పాను. ఆవిడ తల పట్టుకుంది.

అసలు రహస్యం ఇక్కడుంది. కప్ప విసర్జించినదీ, తినక మిగిలిన మేతా కుళ్ళి నీళ్ళలో అమోనియా పుడుతుంది. అది కప్ప చర్మానికి విషం. అయితే ఫిల్టరు స్పాంజిలోనూ, రాళ్ళమీదా కంటికి కనిపించని సూక్ష్మజీవులు కాపురముంటాయి. అవి అమోనియాను నైట్రైటుగానూ, దాన్ని మళ్ళీ అంత హానిలేని నైట్రేటుగానూ మార్చి పెడతాయి. ఆ కాపురం కుదరడానికి వారాలు పడుతుంది. నేను స్పాంజిని కొళాయి కింద ఉతికినప్పుడు, నీళ్ళలోని బ్లీచింగ్ పౌడరు ఆ కాపురాలన్నిటినీ కూల్చేసింది. మనం తాగే నీళ్ళలో క్రిములను చంపడానికి వేసే క్లోరిన్ మనకు మేలే. తొట్టిలో మాత్రం అది మంచి క్రిములనూ చంపుతుంది, కప్ప చర్మాన్నీ మండిస్తుంది. కప్ప చర్మం మనలాంటి తోలు కాదు. దాని ద్వారా నీళ్ళూ, గాలీ, లవణాలూ లోపలికి పోతూ వస్తూ ఉంటాయి. నీళ్ళలో ఏది కలిపితే అది కప్ప ఒంట్లో కలిపినట్టే. పసుపైనా, మాత్రైనా, సబ్బు చేతులైనా అంతే.

మూడోది దోమలమందు. రాత్రిళ్ళు తొట్టి పక్కనున్న ప్లగ్గులోనే దోమలను తరిమే యంత్రం పెట్టేవాళ్ళం. ఆ మందుల్లో చాలావాటికి చేపలను చంపే గుణం ఎక్కువ. కప్పలకూ మంచిది కాదు. నాలుగోది అందానికి వేసిన రంగుల గులకరాళ్ళు. మేతతోపాటు చిన్నరాయి మింగితే పేగు మూసుకుపోయి కూడా కప్ప తిండి మానేస్తుందట.

“జబ్బు కప్పదనుకుంటున్నారు. ముందు నీళ్ళ జబ్బు నయం చెయ్యండి” అని చెప్పి, పోతూ పోతూ ఇంకొకమాట అంది: “వారానికోసారి దీన్ని తూకం వేసి రాసుకోండి. తిన్నదా లేదా అన్నది కాదు, బరువు ఎంత తగ్గుతున్నదన్నదే లెక్క.”

అలా మా వంటింట్లో చిన్న తక్కెడ మీద, నీళ్ళు పోసిన డబ్బాలో కూర్చోబెట్టి కప్పను తూచాం. కప్పల తక్కెడ అన్న జాతీయాన్ని పాతికేళ్ళుగా పిల్లలకు చెబుతున్న నేను, ఒక్క కప్పను తూచడానికే ఇంతమంది కావాలని ఆనాడే తెలుసుకున్నాను. డబ్బా బరువు తీసివేయగా 58 గ్రాములు.

పశువైద్యుల దగ్గర

మర్నాడు పొద్దున్నే మూతకు చిల్లులు పొడిచిన డబ్బాలో ముత్యాన్ని పెట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళాం. ముందు ఒక గేదె, దాని వెనక రెండు మేకపోతులు, ఆ వెనక మేం. గేదె తాలూకు రైతు డబ్బాలోకి తొంగిచూసి, మా మొహాలు చూసి, మర్యాదగా ఏమీ అనకుండా ఊరుకున్నాడు.

డాక్టరుగారు నవ్వలేదు. “నేను కప్పకు వైద్యం చెయ్యడం ఇదే మొదలు. తెలిసినంతవరకు చూస్తాను” అని నిజాయితీగా చెప్పి, కప్పను వెల్లకిలా తిప్పి పొట్ట, తొడలు పరీక్షించారు. ఆయన ఏమేం చూశారో పాఠకుల కోసం రాస్తున్నాను. ఒళ్ళు బుడగలా ఉబ్బిందా? ఉబ్బితే లోపల నీరు చేరినట్టు. తొడల లోపలా, పొట్టమీదా ఎర్రటి చారలున్నాయా? ఉంటే క్రిములు రక్తంలో చేరి ఉండవచ్చు. దీన్నే ఎర్రకాలి జబ్బు అంటారు. చర్మంమీద దూదిపింజల్లాంటి బూజు ఉందా? చర్మం మామూలుగా పొరలా ఊడుతూనే ఉంటుంది, కప్ప దాన్ని తనే తినేస్తుంది. అలాకాక పేలికలుగా వేలాడుతున్నదా? నీళ్ళలో మునగలేక పైనే తేలుతున్నదా? వెన్నెముక, తుంటి ఎముకలు పైకి కనబడుతున్నాయా? వీటిలో ఏది కనిపించినా సొంతవైద్యం కూడదు, ఆలస్యమూ కూడదు.

ముత్యానికి ఇవేవీ లేవు. “మందు ఇవ్వను. ఇస్తే చర్మంగుండా ఎంత లోపలికి పోతుందో లెక్క కట్టడం కష్టం. మీ సహోద్యోగి చెప్పినట్టు నీళ్ళు బాగుచెయ్యండి. పది రోజుల్లో మార్పు లేకపోతే, ఈలోపల ఒళ్ళు ఉబ్బితే, వెంటనే తీసుకురండి” అన్నారు. రుసుము మాట అడిగితే చేత్తోనే వద్దన్నారు.

గోనెపట్ట వైద్యం

చల్లటి నీళ్ళు ఎక్కణ్ణించి తేవడం? మావారు మంచుగడ్డలు వేద్దామన్నారు. ఒక్కసారిగా వేడి తగ్గితే అదొక దెబ్బ. రోజుకు రెండు డిగ్రీలకు మించి దించవద్దని సహోద్యోగి ముందే హెచ్చరించింది. అప్పుడు దారి చూపించింది అమ్మ. “కుండలో నీళ్ళు ఎట్టా చల్లబడతాయి? కుండ చెమట పడుతుంది గనక. మీ గాజుతొట్టికి చెమట పట్టదు. తడిగోనెపట్ట చుట్టండి” అంది.

తొట్టిని పడమటి కిటికీ దగ్గరనుంచి నడవలోకి మార్చాం. మూడువైపులా తడిపిన గోనెపట్ట చుట్టాం. పైన గాజుమూత తీసేసి, కప్ప దూకకుండా దోమతెర గుడ్డ బిగించి, నీళ్ళమీదికి గాలి తగిలేట్టు చిన్న ఫ్యాను పెట్టాం. నీరు ఆవిరవుతూ వేడిని వెంట తీసుకుపోతుంది. మా పడమటి ప్రాంతపు పొడిగాలి మనుషుల పెదవులు పగలగొట్టేదైనా, ఈ పనికి మాత్రం వరం. సముద్రపు తేమ ఉండే ఊళ్ళలో ఈ ఉపాయం ఇంత బాగా పనిచెయ్యదు. మూడు రోజుల్లో 31 డిగ్రీలు కాస్తా 26కు దిగింది.

ఇక నీళ్ళు. మార్కాపురం, గిద్దలూరు వైపు వేసవిలో నీళ్ళ మాట ఎత్తితే ప్రతి ఇంట్లోనూ ఒక కథ ఉంటుంది. బోరునీళ్ళలో ఫ్లోరైడు, ఉప్పదనం. తాగడానికి డబ్బాల్లో కొనుక్కునే శుద్ధిచేసిన నీళ్ళు. వాడకానికి కొళాయి, లేదంటే ట్యాంకరు. కప్పకు మంచినీళ్ళే పోద్దామని మా పిల్ల డబ్బానీళ్ళు తేబోయింది. యంత్రంలో వడగట్టిన ఆ నీళ్ళలో లవణాలు దాదాపు మిగలవు. మనకు తాగడానికి సరే. ఒళ్ళంతా నీళ్ళలోనే ఉండే కప్పకు ఒట్టి ఆ నీళ్ళే పోస్తే దాని ఒంట్లోని ఉప్పు బయటికి జారిపోతుంది. కొళాయినీళ్ళనే వెడల్పాటి బకెట్టులో పోసి, మూతపెట్టకుండా ఒక రాత్రీ ఒక పగలూ ఉంచి, క్లోరిన్ పోయాక వాడమన్నారు. తొందరుంటే దుకాణాల్లో క్లోరిన్ విరిచే చుక్కలమందు దొరుకుతుంది. తొట్టి మొత్తం ఖాళీచెయ్యకుండా, రెండు రోజులకోసారి నాలుగోవంతు నీళ్ళు మాత్రం తీసి, అంతే పోయాలి. స్పాంజిని ఉతకవలసి వస్తే, తీసిన పాతనీళ్ళలోనే పిండాలి.

రెండు రోజులకో బిందె నీళ్ళు! అదీ మే నెలలో! ఇరుగుపొరుగు బిందెలు వరసపెట్టుకుని ట్యాంకరు కోసం కాచుక్కూర్చునే చోట, కప్ప కోసం నీళ్ళు మారుస్తున్నానని చెప్పడానికి నాకు సిగ్గువేసింది. తీసిన నీళ్ళను కాలువలో పారబోయకుండా కరివేపాకు చెట్టుకూ, మల్లెకుండీలకూ పోయడం మొదలుపెట్టాం. ఆ నీళ్ళలోని నైట్రేటు మొక్కకు ఎరువే. ఎప్పుడూ వాడిపోయే మా మల్లె ఆ వేసవిలో తలెత్తుకుని నిలబడింది. సిగ్గు సగం తగ్గింది.

రంగుల గులకరాళ్ళు తీసేశాం. వాటి బదులు మా పిల్ల ఒక పలకరాయి తెచ్చింది. దేశంలో ఎన్ని తరాల పిల్లలో అక్షరాలు దిద్దిన పలకలు మా ఊరివే గదా. ముక్క దొరకడానికి కరువా? అంచులు గరుకులేకుండా అరగదీసి, రెండు రాళ్ళమీద పందిరిలాగా నిలబెట్టింది. ముత్యం పోయి దానికింద దూరింది.

చెరువులో వదిలేస్తే?

పదిహేను రోజులు దాటినా దీక్ష విరమించలేదు. బరువు 56 గ్రాములకు దిగింది. మా పిల్ల కూడా సరిగ్గా తినడం మానేసింది. అది చూసి మావారు ఒకనాటి రాత్రి మెల్లగా అన్నారు: “మన కళ్ళముందు చచ్చిపోతే పిల్ల తట్టుకోలేదు. ఆదివారం కంభం పోయి చెరువులో వదిలేసి వద్దాం. దాని బతుకు అది బతుకుతుంది.”

ఆ మాట నాకూ నచ్చిందని ఒప్పుకుంటున్నాను. కంభం చెరువును చూసినవారికి ఆ ఆలోచన రావడం సహజం. కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డకట్ట వేసి విజయనగర రాజుల కాలంలో నిర్మించిన మహాతటాకం అది. 2020లో ప్రపంచ నీటిపారుదల వారసత్వ కట్టడాల జాబితాలోనూ చేరింది. అంత నీటిలో ఒక్క కప్పకు చోటుండదా?

చోటుంటుంది; చిక్కంతా అక్కడే. ఇలా వదిలేసినవీ, తప్పించుకున్నవీ చేరి, ఈ జాతి కప్పలు అమెరికాలో కాలిఫోర్నియాలోనూ, చిలీలోనూ, ఫ్రాన్సులోనూ, పోర్చుగల్‌లోనూ స్థిరపడి, అక్కడి చిన్న చేపలనూ తోకకప్పలనూ మింగేస్తున్నాయి. అంతకంటె పెద్ద భయం ఒక బూజు జబ్బు. కప్పల చర్మాన్ని తినే ఆ కైట్రిడ్ బూజును 1990ల చివర గుర్తించారు. దానివల్ల ప్రపంచంలో కనీసం 501 ఉభయచర జాతులు క్షీణించాయనీ, వాటిలో 90 అంతరించి ఉంటాయనీ 2019లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కకట్టింది. గోళ్ళకప్ప ఆ బూజును తనకేమీ కాకుండానే ఒంటిమీద మోసుకు తిరగగలదు. ముత్యం ఒంటిమీద అది ఉన్నదో లేదో ఎవరు చూశారు? ఒక కప్పమీద జాలిపడి చెరువులోని కప్పలన్నిటికీ ముప్పు తేవడం దయ అనిపించుకోదు.

మన కప్పలు ఇప్పటికే చాలినంత అనుభవించాయి. విదేశాల భోజనపు బల్లలకోసం వాటి కాళ్ళను ఏళ్ళ తరబడి ఎగుమతి చేశాం. చేలో పురుగుల్ని తినే నేస్తం తగ్గిపోతున్నదని గగ్గోలు పుట్టి, 1987లో కేంద్ర ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. 

ఈ మాటలన్నీ వింటున్న అమ్మ, అడక్కుండానే తన సంగతి ఒకటి చెప్పింది. “మా చిన్నప్పుడు వానలు పడకపోతే కప్పను పట్టుకొచ్చి రోకలికి కట్టేవాళ్ళం. వేపమండలు చుట్టి, ఇద్దరు భుజాన మోసుకుని, ఇంటింటికీ పోయి కప్పతల్లీ అని పాడేవాళ్ళం. ఇల్లాళ్ళు బిందెడు నీళ్ళు కప్పమీద కుమ్మరించి, చాటెడు గింజలు పెట్టేవాళ్ళు. పది ఇళ్ళు తిరిగేసరికి ఆ కప్ప వేలాడిపోయేది. వాన కోసం గదా అనుకున్నాం. దానికి నొప్పి ఉంటుందని ఎవరికి తోచింది? ఆ పాపం నాది కూడా. దీన్ని యాడా వదలొద్దు. చస్తే ఇక్కడే చస్తుంది, బతికితే ఇక్కడే బతుకుతుంది.”

ఆ తర్వాత మా ఇంట్లో చెరువు మాట ఎవరూ ఎత్తలేదు.

వానపాము

పంతొమ్మిదో రోజు తెల్లవారుజామున అమ్మ మల్లెకుండీ కింద తడిమట్టి కదిపి, రెండు వానపాములు పట్టింది. పురుగుమందు తగలని మట్టిలోవి కావాలని సహోద్యోగి చెప్పింది గనక, కప్పనీళ్ళే తాగిన ఆ కుండీకంటె నమ్మకమైన చోటు లేదు. మంచినీళ్ళలో కడిగి, చిన్నముక్క చేసి, పుల్లతో పలకరాయి ముందు ఆడించింది.

చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత రాతికిందనుంచి రెండు చేతులు వచ్చాయి. ఆ వెనక మూతి వచ్చింది. ముక్కను రెండు చేతులా పట్టుకుని ముత్యం లోపలికి కుక్కుకుంది. మా పిల్ల పెట్టిన కేకకు మావారు గడ్డం గీసుకుంటున్న కత్తితోనే పరిగెత్తుకొచ్చారు.

ఆకలి తిరిగిందని ఆనాడే కడుపునిండా పెట్టలేదు. రెండు రోజులాగి ఇంకొక ముక్క. పెరిగిన కప్పకు అసలు రోజూ మేత అక్కర్లేదు. వారానికి రెండు మూడుసార్లు చాలు. పావుగంటలో తినకపోతే మేతను తీసేయాలి. రెండు నెలలకు బరువు 63 గ్రాములు.

తెచ్చుకోబోయేవారికి

ఈ వ్యాసం చదివి ఎవరైనా కప్పను కొనాలనుకుంటే, ముందు అది ఏ కప్పో అడగండి. దుకాణాల్లో ఆఫ్రికా మరుగుజ్జు కప్పలూ అమ్ముతారు. వాటికి ముందుచేతుల వేళ్ళమధ్య కూడా పొర ఉంటుంది. గోళ్ళకప్పకు ముందువేళ్ళు విడివిడిగా ఉంటాయి. మరుగుజ్జుకు 24 నుంచి 27 డిగ్రీల వెచ్చదనం కావాలి. గోళ్ళకప్పకు చల్లదనం కావాలి. ఒకదాని వైద్యం ఇంకొకదానికి చేస్తే ప్రాణం మీదికొస్తుంది. మన గుంటల్లోని కప్పలను మాత్రం పట్టి తొట్టిలో పెట్టవద్దు. వాటి పని వాటికుంది.

తిండి మానేస్తే మేత మార్చడానికి ముందు ఉష్ణమాపకం ముంచి చూడండి. నీళ్ళు చూడండి. ఇటీవల ఏం మార్చారో గుర్తుచేసుకోండి. తూచి రాసుకోండి. ఒళ్ళు ఉబ్బినా, ఎర్రబడినా, చిక్కిపోయినా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఎవరేమనుకున్నా సరే, గేదె వెనక వరసలో నిలబడండి. అన్నిటికంటె ముందు, ఈ ప్రాణి సరిగ్గా చూసుకుంటే పదిహేనేళ్ళు, ఆపైన కూడా బతుకుతుందని గుర్తుంచుకోండి. మా అమ్మాయి ఇప్పుడు ఎనిమిదో తరగతి. అది చదువుకోడానికి ఊరు దాటే నాటికి ముత్యం ఇంకా నడివయసులోనే ఉంటుంది. అప్పుడు నీళ్ళు మార్చేది నేనేనని ఈపాటికి నాకు అర్థమైంది.

ప్రస్తుతానికి ఆ పని అమ్మ తీసుకుంది. రోజూ దీపాలవేళకు వెడల్పాటి బకెట్టులో నీళ్ళు పట్టి నడవలో పెడుతుంది. ఎవరైనా తెలియక అందులో చెంబు ముంచబోతే మంచంమీదనుంచే కేక వేస్తుంది: “అవి ముట్టుకోవద్దు! కప్పతల్లి నీళ్ళు!”